పుట్టుకతో వచ్చే కంటి టాక్సోప్లాస్మోసిస్: చిట్టెలుక నమూనాను నిలబెట్టే పద్ధతి

టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి తల్లి నుంచి మాయ (ప్లసెంటా) దాటి బిడ్డకు చేరితే, ఎక్కువగా దెబ్బతినేది మెదడు, కన్ను. 1923లో ప్రాగ్ నగరపు నేత్రవైద్యుడు యోసెఫ్ యాంకూ, పుట్టుకతో తల పెరిగిన పసిబిడ్డ రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, ఈ పరాన్నజీవి నిద్రపోతూ దాక్కునే తిత్తులను చూశాడు. నూరేళ్లు గడిచినా, రెటీనా మీద ఈ జబ్బు మిగిల్చే మచ్చ కడుపులో ఎప్పుడు మొదలవుతుందో, ఏళ్ల తర్వాత మళ్లీ ఎందుకు రగులుతుందో తేల్చాలంటే జంతువులోనే చూడాలి. మనిషి గర్భస్థ శిశువు కంటిలోంచి ముక్క తీసే దారి లేదు కదా. అదే జబ్బును చిట్టెలుకలో తెప్పించడమే ఇక్కడి నమూనా.

ఈ పనిలో ముందుగా ఒక నిర్ణయం జరగాలి. మీ ప్రశ్న మాయ గురించా, కంటి గురించా? మాయ గురించైతే చూడి ఎలుకకే సోకించాలి, వేరే మార్గం లేదు. ప్రశ్న కంటి గురించైతే, అంటే మచ్చ, వాపు, మందు కంట్లో పనిచేయడం లాంటివైతే, పుట్టిన మర్నాడు పిల్లకు సోకించడం మేలు. తల్లి ద్వారా వెళ్తే ఒక ఈతలో కొన్ని పిల్లలకే సోకుతుంది, వాటిలోనూ కొన్నిటికే కంట్లో జబ్బు కనిపిస్తుంది. అలా ఇరవై జబ్బు కళ్లు కావాలంటే ఎన్ని తల్లులు కావాలో లెక్కేసి చూస్తే, చాలామంది రెండో దారికే వస్తారు.

పుట్టాక సోకించి దాన్ని పుట్టుకతో వచ్చిన జబ్బు అనడం మోసం కాదా అని పత్రిక సమీక్షకులు తప్పకుండా అడుగుతారు. జవాబు కంటి ఎదుగుదలలో ఉంది. మనిషి రెటీనాలో రక్తనాళాలు గర్భం 16వ వారం ప్రాంతంలో మొదలై నెలలు నిండే సరికి అంచులు చేరతాయి. చిట్టెలుకలో అదే పని పుట్టిన రోజున మొదలై, పై పొర ఒక వారంలో అంచు దాకా పాకుతుంది, లోపలి పొరలు ఆ తర్వాతే. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు పుట్టడం కూడా మొదటి వారమంతా సాగుతుంది. కళ్లు తెరుచుకునేది 12 నుంచి 14 రోజులకు. అంటే ఒకరోజు పిల్ల కన్ను, మన లెక్కలో ఇంకా కడుపులో ఉన్న శిశువు కన్నే. దానికితోడు రోగనిరోధక వ్యవస్థా పచ్చిదే. ఇది ఒప్పుకున్నా ఒక లోటు మాత్రం తీరదు. చిట్టెలుకకు మాక్యులా, అంటే రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే చోటు, లేదు. మనిషి బిడ్డల్లో మచ్చ పదేపదే మాక్యులా మీదే ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు ఈ జంతువు జవాబు చెప్పలేదు, అడగకండి.

ఎలుక జాతి ఎంపిక: చాలా ప్రయోగాలు ఇక్కడే పాడవుతాయి

సీ57బీఎల్/6, అంటే ల్యాబుల్లో బ్లాక్ సిక్స్ అనే జాతి, టాక్సోప్లాస్మాకు బాగా లొంగుతుంది. మెదడులో తిత్తులు ఎక్కువగా కడుతుంది. బాల్బ్/సీ తట్టుకుంటుంది, దానిలో తిత్తులు తక్కువ. కాబట్టి కంటి మచ్చ కావాలంటే బ్లాక్ సిక్స్, తల్లి బతికి ఈనాలంటే బాల్బ్/సీ అన్నది మోటు లెక్క. కంటికి వచ్చేసరికి ఇది చాలదు.

బ్లాక్ సిక్స్‌లో జే, ఎన్ అని ముఖ్యంగా రెండు ఉపజాతులున్నాయి. ఎన్ ఉపజాతిలో సీఆర్‌బీ1 జన్యువులో ఆర్‌డీ8 అనే లోపం ఉంటుంది. దాని వల్ల రెటీనా కింది సగంలో తెల్లటి చుక్కలు వస్తాయి. ఏ సోకూ లేకుండానే! ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) ఫొటోలో అవి అచ్చం పాత ఇన్ఫెక్షన్ చుక్కల్లా ఉంటాయి. జన్యుమార్పు చేసిన ఎలుకల్లో ఎన్నో ఎన్ నేపథ్యంలో తయారైనవే కాబట్టి, తోక ముక్కతో డీఎన్‌ఏ పరీక్ష అయిన ఆర్‌డీ8 పీసీఆర్ చేయకుండా ఏ వంశాన్నీ వాడొద్దు. స్విస్ జాతుల్లో ఆర్‌డీ1 అనే మరో లోపం తరచుగా ఉంటుంది. మూడు వారాలకల్లా రాడ్ కణాలు రాలిపోతాయి, ఇక మిగిలిన రెటీనాలో మీరు కొలిచేదేమిటి? తిత్తులు పెంచుకోవడానికి స్విస్ ఎలుకలు భేషుగ్గా పనికొస్తాయి, కంటి కొలతలకు మాత్రం పనికిరావు.

ఇంకో ఉచ్చు ఉంది. బ్లాక్ సిక్స్ వంశాల్లో కన్ను చిన్నదిగా పుట్టడం, ఒక్కోసారి అసలు లేకపోవడం సహజంగానే కనిపిస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువ, కుడికంట్లో ఎక్కువ. పుట్టుక టాక్సోప్లాస్మాలోనూ చిన్న కన్ను ఒక లక్షణమే. అందుకే మీ గదిలోనే, అదే వంశంలో, సోకని ఈతల్లో ఈ లోపం ఎంత శాతం వస్తుందో ముందు లెక్క రాసి ఉంచండి. ఆ అంకె లేకపోతే సోకిన గుంపులో కనిపించిన ప్రతి చిన్న కన్నూ వివాదమే. బాల్బ్/సీ తెల్ల ఎలుక కనుక రంగు మచ్చ కనబడదు, పైగా వెలుతురుకే దాని రెటీనా దెబ్బతింటుంది. వాడక తప్పకపోతే పంజరాలను అరలో పై వరస నుంచి తీసి, మసక వెలుతురులో ఉంచండి.

మన దేశంలో ప్రయోగం మొదలయ్యే ముందే సంస్థాగత జంతు నైతిక కమిటీకి ఫారం బీ సమర్పించి అనుమతి తెచ్చుకోవాలి. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే, ఒకప్పుడు సీపీసీఎస్‌ఈఏ అన్న కేంద్ర కమిటీ పేరు ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. ఎక్కడి నుంచి తెచ్చినా ఉపజాతి పేరు, ఆర్‌డీ8 ఫలితం రాతపూర్వకంగా అడగండి. ఏప్రిల్, మే నెలల్లో చూడి ఎలుకలను రోడ్డు మీద రప్పించొద్దు, వేడికే పిండాలు కరిగిపోతాయి. మగ, ఆడ ఎలుకలను తెచ్చి, వారం పది రోజులు అలవాటుపడనిచ్చి, మీ దగ్గరే జత కట్టించాలి.

పరాన్నజీవి

ఆర్‌హెచ్ వంశం 1939 నాటిది, జన్యు రకాల్లో టైప్ 1. చిట్టెలుకను ఒక్క టాకీజోయిటే (వేగంగా పెరిగే దశలోని పరాన్నజీవి) చంపగలదు, తిత్తులు కట్టడం దాదాపు మానేసింది. పుట్టుక నమూనాకు ఇది తప్పు ఎంపిక. తల్లీపిల్లలు చచ్చిపోతారు తప్ప మచ్చ కట్టే సమయం ఉండదు. టైప్ 2 వంశాలైన ఎంఈ49, ప్రూగ్నియో వాడండి. ఎంఈ49 కాలిఫోర్నియాలో గొర్రె మాంసం నుంచి వేరుచేసినది. ఐరోపాలో మనుషులకు సోకేవి ఎక్కువగా టైప్ 2 రకాలే. బ్రెజిల్ వైపు వేరే రకాలు తిరుగుతాయి, అక్కడి బిడ్డల కళ్లు మరింత తీవ్రంగా దెబ్బతింటాయి. అందుకే ఒక్క వంశంతో వచ్చిన ఫలితాన్ని ప్రపంచమంతటికీ అంటగట్టకూడదు.

తిత్తుల కోసం స్విస్ ఎలుకలకు సోకించి కనీసం ఆరు వారాలు ఆగండి. లేత తిత్తులు కడుపులోని పెప్సిన్‌కు తట్టుకోవు. మెదడును 1 మిల్లీలీటరు ఉప్పు ద్రావణం పీబీఎస్‌లో వేసి 18, 21, 23 గేజి సూదుల గుండా వరసగా లాగి వదలండి. 20 మైక్రోలీటర్ల చుక్కలు అయిదు తీసి అన్నిట్లో తిత్తులు లెక్కపెడితే పదో వంతు చూసినట్టు. పదితో గుణిస్తే మెదడు మొత్తానికి లెక్క. గుండ్రంగా ఉన్నదల్లా తిత్తి కాదు. కొవ్వు బొట్లు, గాలి బుడగలు కొత్తవాళ్లను మోసం చేస్తాయి. తిత్తి గోడకు అంటుకునే డోలికోస్ లెక్టిన్‌కు ఫ్లోరసెంట్ రంగు జోడించి గోడను వెలిగిస్తే అనుమానం తీరుతుంది.

టాకీజోయిట్లను మనిషి చర్మపు కణాలైన ఫైబ్రోబ్లాస్టుల మీద పెంచాలి. కణాలు పగిలి అప్పుడే బయటికొచ్చినవి మాత్రమే వాడండి. 3 మైక్రాన్ల ఫిల్టర్ గుండా వడకట్టి, కణాలు లెక్కపెట్టే న్యూబవర్ గాజు పలకలో లెక్కించి, గంట లోపలే సూది వేయండి. బయట ఉన్నకొద్దీ వాటి సోకే శక్తి పడిపోతుంది, చచ్చిన కణాలకు మాత్రమే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు దాన్ని చూపదు. అందుకే సూదిలో మిగిలిన ద్రవాన్ని పారేయకుండా కొత్త ఫైబ్రోబ్లాస్టుల మీద వేసి, వారం తర్వాత ప్లాకులు (పరాన్నజీవి దెబ్బకు కణాలు చచ్చిన చోట మిగిలే ఖాళీలు) లెక్కపెట్టండి. వంద అనుకున్నచోట సగానికన్నా తక్కువే తేలడం మామూలు. మీరు రాయాల్సిన మోతాదు ఆ రెండో అంకె. ఏళ్ల తరబడి కల్చర్‌లో తిప్పిన వంశం తిత్తులు కట్టడం మరిచిపోతుంది కాబట్టి, తక్కువసార్లు కల్చర్ మార్చిన (తక్కువ పాసేజీ) గొట్టాలను ద్రవ నత్రజనిలో దాచి, ప్రతి ప్రయోగానికీ కొత్త గొట్టం తీయాలి.

భద్రత గురించి కొంచెమే, కానీ గట్టిగా. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఈ బల్ల దగ్గరికి రాకూడదు. మిగతావారంతా పని మొదలుపెట్టే ముందే రక్తం ఇచ్చి యాంటీబాడీ ఫలితం దాచుకోవాలి. ప్రమాదాల్లో మొదటి స్థానం సూదిపోటుది, కాబట్టి సూదికి మూత తిరిగి పెట్టొద్దు. గుచ్చుకుంటే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఊసిస్టులను, అంటే పెంటలో బయటికొచ్చే పరాన్నజీవి గుడ్ల లాంటి రూపాన్ని, పిల్లి జాతి జంతువులు మాత్రమే విసర్జిస్తాయి. చిట్టెలుక పెంటలో అవి ఉండవు. ఈ నమూనాకు పిల్లులు, ఊసిస్టులు అక్కర్లేదు, తెచ్చుకోవద్దు.

తల్లి దారి

మగ ఎలుక పంజరంలోని పొట్టును మూడు రోజుల ముందు ఆడవాటి పంజరంలో వేస్తే మూడో రాత్రికి చాలావరకు ఒకేసారి ఎదకొస్తాయి. సాయంత్రం ఒక మగదానికి రెండు ఆడవి చొప్పున వదిలి, పొద్దున తొమ్మిదిలోపు ప్లగ్ (జత కట్టాక ఆడదాని యోనిలో గట్టిపడే బిరడా) చూడండి. ఆలస్యమైతే ప్లగ్ రాలిపోతుంది. ప్లగ్ కనిపించిన మధ్యాహ్నాన్ని 0.5 రోజుగా లెక్కిస్తారు. ప్లగ్ ఉన్నంత మాత్రాన చూడి అయినట్టు కాదు. పదో రోజుకి బరువు పెరగనిదాన్ని పక్కన పెట్టండి.

11 లేదా 12వ రోజున, గుండ్రటి మొన ఉన్న గావేజ్ సూదితో, 200 మైక్రోలీటర్లలో 10 నుంచి 20 తిత్తులు నోటి ద్వారా ఇవ్వండి. ఎందుకు ఆ రోజే? పేగు దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మాయకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది, చిట్టెలుక గర్భం మొత్తం మూడు వారాలు కూడా నిండదు. 15వ రోజు తర్వాత ఇస్తే మాయకు చేరకముందే ఈనేస్తుంది. మరీ ముందుగా ఇస్తే పిండాలు కరిగిపోతాయి. అది కూడా పరాన్నజీవి చేరి కాదు, తల్లిలో పొంగే రోగనిరోధక ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్ గామా దెబ్బకు మాయ చెడి. ఖాళీ గర్భాశయాన్ని చూసి ‘సోకు బాగా దాటింది’ అని రాసుకునేవారున్నారు, జాగ్రత్త. తిత్తులు గొట్టంలో అడుక్కి దిగిపోతాయన్నదీ మరవొద్దు. ప్రతి ఎలుకకూ తీసే ముందు గొట్టాన్ని నెమ్మదిగా తిప్పకపోతే మొదటి తల్లికి రెండు, చివరి తల్లికి నలభై వెళ్తాయి.

తల్లి గర్భానికి ముందే సోకి ఉంటే బాల్బ్/సీ పిల్లలు చాలావరకు రక్షణ పొందుతాయి. అందుకే వాడే ఆడ ఎలుకలన్నీ సీరాలజీలో (రక్తంలో యాంటీబాడీ పరీక్షలో) నెగటివ్ అయి ఉండాలి.

పిల్ల పుట్టాక అసలు చిక్కు మొదలవుతుంది. సోకింది కడుపులోనా, పాలలోనా? దీన్ని విడదీయాలంటే పుట్టిన రోజే పిల్లలను సోకని పెంపుడు తల్లికి మార్చాలి. దాని ఈత కూడా ఒకరోజు తేడాలో ఉండాలి. మార్చే ముందు పిల్లలను ఆ తల్లి పొట్టులో దొర్లించి వాసన పట్టించకపోతే కొరికి చంపుతుంది. తల్లి ఐజీజీ యాంటీబాడీ అటు కడుపులోనూ ఇటు పాలలోనూ పిల్లకు చేరుతుంది. కాబట్టి పాలు మానే వయసులో పిల్ల రక్తంలో ఐజీజీ ఉందంటే తల్లికి సోకిందని మాత్రమే అర్థం. పిల్లకు సోకిందని చెప్పాలంటే తల్లి నుంచి రాని ఐజీఎం యాంటీబాడీ గానీ, కణజాలంలో పీసీఆర్ గానీ ఉండాలి.

పురిటి పిల్ల దారి

ఈత పుట్టిన మర్నాడు ప్రతి ఈతనూ ఆరు లేదా ఎనిమిది పిల్లలకు సమం చేయండి. పిల్లలు తక్కువున్న ఈతలో పాలు ఎక్కువ, బరువు ఎక్కువ, జబ్బు తీరే వేరు. మోతాదు ఏ ల్యాబుకా ల్యాబు తేల్చుకోవాల్సిందే. పిల్లకు 10, 100, 1000 టాకీజోయిట్ల చొప్పున ఒక్కో ఈతతో ముందు పరీక్షించి, నాలుగు వారాలకు ఎక్కువ పిల్లలు బతికుండి కళ్లలో పీసీఆర్ పాజిటివ్ వచ్చే మోతాదును పట్టుకోండి. వంద కావాలంటే, 20 మైక్రోలీటర్లలో వంద అంటే మిల్లీలీటరుకు 5000. మీ దగ్గరున్నది మిల్లీలీటరుకు పది లక్షలైతే 200 రెట్లు పలచన చేయాలి, ఒకేసారి కాకుండా 10, 20 చొప్పున రెండు మెట్లలో.

తల్లిని వేరే పంజరంలో ఉంచి, పిల్లలను వెచ్చటి పరుపు మీద పెట్టండి. చేతి తొడుగులను ముందు ఆ పంజరపు పొట్టుతో రుద్దాలి. 50 మైక్రోలీటర్ల గాజు సిరంజి, 30 గేజి సూది. పొట్ట ఎడమ పైభాగంలో తెల్లగా కనిపించేది పాలు నిండిన కడుపు, దాన్ని తప్పించి కుడి కింది భాగం ఎంచుకోండి. నేరుగా పొట్టలో గుచ్చితే ద్రవమంతా వెనక్కి కారుతుంది. తొడ దగ్గర చర్మం కిందికి దించి, కొంచెం ముందుకు పోనిచ్చి, అప్పుడు పొట్టలోకి మళ్లించాలి. ద్రవం వదిలాక పదిదాకా లెక్కపెట్టి సూది తీయండి. మొత్తం ఈత పదిహేను నిమిషాల్లో తల్లి దగ్గరికి చేరాలి.

సోకించని పిల్లలను అదే ఈతలో కలపొద్దు. కారిన చుక్కను తల్లి నాకుతుంది, తోటి పిల్లలకూ అంటుతుంది. ఉత్త ద్రవం ఇచ్చే ఈతలను పంజరంతో సహా వేరుగా ఉంచాలి.

రెండో వారం గడ్డు కాలం. రోజూ తూచండి. వరసగా రెండు రోజులు బరువు పెరగని పిల్ల, కడుపులో పాలు కనబడని పిల్ల, ముట్టుకుంటే కదలని పిల్ల ప్రయోగం నుంచి వెళ్లిపోవాలి, అంటే బాధ లేకుండా చంపాలి, అలాంటి హద్దులు ముందే ఫారంలో రాసి ఉండాలి. పసిపిల్లలు ఆక్సిజన్ లేమిని బాగా తట్టుకుంటాయి కాబట్టి పెద్ద ఎలుకను చంపడానికి సరిపోయే కార్బన్ డయాక్సైడ్ సమయం వీటికి చాలదు. చనిపోయాయనుకున్నవి చెత్తబుట్టలో కదిలిన సందర్భాలు ఈ రంగంలో అందరూ విన్నవే. రెండో పద్ధతితో నిర్ధారించకుండా వదలొద్దు.

కన్ను చూడడం

నాలుగు వారాల వయసులో కంటిపాపను విప్పే ఒక శాతం ట్రోపికామైడ్ చుక్క వేసి పది నిమిషాల తర్వాత ఫండస్ ఫొటో, వీలైతే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీయండి. కీటమిన్, జైలజిన్ మత్తులో చిట్టెలుక కటకం కొన్ని నిమిషాల్లో తెల్లబడుతుంది. ఒళ్లు చల్లబడడం, కన్ను ఆరిపోవడం దీనికి కారణాలు, మెలకువ వచ్చాక తగ్గిపోతుంది. ఈ జబ్బులో నిజమైన శుక్లం కూడా వస్తుంది కాబట్టి రెండూ కలిసిపోతే లెక్క తప్పుతుంది. మత్తు ఇవ్వగానే కన్ను ఆరకుండా హైప్రోమెలోజ్ జెల్ వేసి, వెచ్చటి పరుపు మీదే ఫొటో తీసి, తెల్లగా కనిపించిన కంటిని మర్నాడు మత్తు లేకుండా మళ్లీ చూడండి.

ఫొటోలను గుంపు పేరు తెలియని ఇద్దరు విడివిడిగా చదవాలి. ఇది రివాజుగా రాసే మాట కాదు. ఈ మచ్చల్లో సగం ‘అవునో కాదో’ రకమే.

పీసీఆర్ కోసమైతే గుండె ద్వారా హెపారిన్ కలిపిన సెలైన్ ఎక్కించి రక్తం కడిగాకే కన్ను తీయాలి. లేకపోతే రక్తంలోని పరాన్నజీవి కంటి ఖాతాలో పడుతుంది. ఒక్కో కంటికి ఒక్కో కత్తెర. పరాన్నజీవి డీఎన్‌ఏలో బీ1 జన్యువు 35 ప్రతులుంటుంది, 529 బేస్‌ల పునరావృత ముక్క 200 పైచిలుకు. కంట్లో పరాన్నజీవులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉండొచ్చు కనుక రెండోదే మంచిది. నల్ల ఎలుక కంట్లోని మెలనిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. నెగటివ్ వచ్చిన నల్ల కంటిని నమ్మేముందు డీఎన్‌ఏను పదిరెట్లు పలచన చేసి, ఆ అడ్డును తగ్గించే ప్రోటీన్ బీఎస్‌ఏ కలిపి, లోపలి కంట్రోల్‌తో మళ్లీ నడపండి. బాల్బ్/సీలో పాజిటివ్‌లు ఎక్కువ, బ్లాక్ సిక్స్‌లో తక్కువ అని తలకిందులుగా ఫలితం వస్తే మొదట అనుమానించాల్సింది మెలనిన్‌నే.

హిస్టాలజీకి, అంటే కంటిని పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడడానికి, డేవిడ్సన్ ద్రావణంలో ఒకరోజు ఉంచి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఉత్త ఫార్మలిన్‌లో రెటీనా ఊడొచ్చి, జబ్బు వల్ల ఊడిందా, మన వల్ల ఊడిందా తెలియదు. డేవిడ్సన్‌లోని ఆమ్లం డీఎన్‌ఏను చెడగొడుతుంది కనుక ఆ కంటినే పీసీఆర్‌కు వాడలేం. చిట్టెలుక కన్ను సుమారు 3.2 మిల్లీమీటర్లు. మధ్యలో ఒక్క కోత కోసి తిత్తి లేదనడం అర్థం లేని పని. ప్రతి 50 మైక్రాన్లకు ఒక స్లైడు చొప్పున కన్నంతా కోస్తే 64 మెట్లొస్తాయి, అన్నీ చూడాలి. టాకీజోయిట్లకు ఎస్‌ఏజీ1, తిత్తిలో నెమ్మదిగా పెరిగే బ్రాడీజోయిట్లకు బీఏజీ1 యాంటీబాడీలు వాడితే ఇప్పుడు రగులుతున్న మచ్చ ఏదో, నిద్రపోతున్నది ఏదో తేలుతుంది.

ఈ జబ్బు తరచు ఒకే కంట్లో ఉంటుంది. కుడికన్ను పీసీఆర్‌కు, ఎడమకన్ను హిస్టాలజీకి అని పంచేస్తే రెండు పద్ధతులూ సగం జబ్బునే చూస్తాయి. కొన్ని ఈతల రెండు కళ్లూ పీసీఆర్‌కు, కొన్ని ఈతల రెండూ హిస్టాలజీకి ముందుగానే చీటీ తీసి కేటాయించండి.

లెక్కకు వచ్చేసరికి కొలమానం ఈత. కన్ను కాదు, పిల్ల కూడా కాదు. నాలుగు ఈతల నుంచి ముప్పై పిల్లలు, అరవై కళ్లు తెచ్చి అరవై అని రాస్తే పీ విలువ అందంగా వస్తుంది, కానీ మీ దగ్గరున్నవి నాలుగే. ఈతను యాదృచ్ఛిక అంశంగా పెట్టి మిశ్రమ గణాంక నమూనాతో లెక్కించాలి, గుంపుకు కనీసం ఆరు ఈతలు లేకుండా మందు ప్రయోగం మొదలుపెట్టొద్దు.

మాయ ప్రశ్నకు చిట్టెలుక సరిపోదనిపిస్తే గినీపిగ్ చూడండి. గర్భం రెండు నెలలు దాటుతుంది, మాయ మనిషి దానికి దగ్గర, పిల్ల కళ్లు తెరిచే పుడుతుంది. ఖర్చు, యాంటీబాడీల కొరత దాని ఇబ్బందులు. పాత సోకు ఉన్న తల్లి బిడ్డను కాపాడే తీరు తెలుసుకోవాలంటే ఫిషర్ జాతి ర్యాట్ (చిట్టెలుక కన్నా పెద్ద ఎలుక) మేలు. లూయిస్ జాతి ర్యాట్‌కు మాత్రం అసలు సోకదు. మాక్యులా కావాలంటే మిగిలేది కోతే, దానికి అనుమతి అడిగే ముందు ఆ ప్రశ్న మరే జంతువులోనూ తేలదని కాగితం మీద నిరూపించగలగాలి.